బడి గంట కొట్టాక మొదలయ్యే తేడా

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఒకటే తంతు. జిల్లాలకు ర్యాంకులు వేస్తారు. ఉత్తీర్ణత తగ్గిన బడి హెడ్మాస్టరుకు సంజాయిషీ నోటీసు వెళుతుంది. నూటికి నూరు శాతం తెచ్చుకున్న ప్రైవేటు రెసిడెన్షియల్ స్కూలు ఊరంతా ఫ్లెక్సీలు కడుతుంది. ఈ హడావుడిలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ పిల్లలు ఏడాది పొడవునా సాయంత్రం నాలుగు గంటల తర్వాత ఎక్కడున్నారు, ఏం తిన్నారు, పక్కన కూర్చుని లెక్క చెప్పడానికి ఎవరున్నారు? మార్కుల్లో కనిపించే తేడాలో పెద్ద భాగం అక్కడే తయారవుతోంది. దాన్ని కుటుంబాల తలరాతకు వదిలేసి బడులను, పిల్లలను నిందించడం అన్యాయమని ఈ పత్రిక అభిప్రాయం. ఇంట్లో దొరకని చదువు వేళను ప్రభుత్వమే బడిలో కల్పించాలి. దానికి బడ్జెట్లో ప్రత్యేక పద్దు ఉండాలి.

ఇది మాటవరసకు అంటున్నది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనే ఈ సంగతిని పరీక్షించి చూశారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008 నుంచి నాలుగేళ్లపాటు ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో ఒక ప్రయోగం నడిపారు. ప్రభుత్వ బడి పిల్లల్లో ప్రైవేటుకు వెళతామని దరఖాస్తు చేసుకున్న వారికి లాటరీ తీశారు. గెలిచినవారికి ప్రైవేటు బడి ఖర్చు భరించారు. 2015లో ఫలితాలు ప్రచురించారు. పైపైన పోలిస్తే ప్రైవేటు బడి పిల్లలు ఎంతో ముందున్నారు. లాటరీ గెలిచి ప్రైవేటుకు వెళ్లినవారిని, గెలవక ప్రభుత్వ బడిలోనే ఉండిపోయినవారిని పక్కపక్కన పెట్టి చూసేసరికి తెలుగులోనూ లెక్కల్లోనూ ఆ తేడా మాయమైంది. ప్రైవేటు బడులు అదనంగా నేర్పిన హిందీలో మాత్రం లాటరీ గెలిచిన పిల్లలు మెరుగ్గా ఉన్నారు. అక్కడి ప్రైవేటు బడులు ఒక్కో విద్యార్థిపై పెట్టే ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదన్న సంగతీ అదే అధ్యయనంలో ఉంది. సర్కారీ నిర్వహణ తీరుకు అది చెంపపెట్టే, కాదనలేం. అయినా అసలు పాఠం వేరు. ప్రైవేటు బడి గొప్పతనంగా మనం చూస్తున్న దాంట్లో ఎక్కువ భాగం, ఆ బడికి పిల్లల్ని పంపే ఇళ్లది.

ఇల్లు ఏమిస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. పట్టణంలో తల్లీ తండ్రీ ఇద్దరూ చదువుకున్న ఇంట్లో ఏడో తరగతి పిల్ల బడి నుంచి వచ్చేసరికి పాలో, టిఫినో సిద్ధంగా ఉంటాయి. ఆరింటికి ట్యూషన్. టీచరు డైరీలో రాసింది అమ్మ చూస్తుంది. అర్థం కాని భిన్నాల లెక్కను రాత్రి పడుకునేలోగా ఎవరో ఒకరు విడమరిచి చెబుతారు. అదే తరగతి చదివే కూలీల బిడ్డ ఇంటికొచ్చేసరికి తల్లి ఇంకా చేలోనే ఉంటుంది. నీళ్లు పట్టాలి, అంట్లు తోమాలి, తమ్ముణ్ణి పొరుగింటి నుంచి తెచ్చుకోవాలి, పొయ్యి మీద ఎసరు పెట్టాలి. ఉన్నది ఒక్క గది, అందులోనే టీవీ. ఆ తల్లికి బిడ్డ చదువు మీద ఆశ తక్కువేమీ కాదు. తన కష్టం తన కూతురు పడకూడదనే రెక్కలు ముక్కలు చేసుకుంటోంది. చదువుకోమని చెప్పగలదు, ఏం చదువుతోందో చూడలేదు. భిన్నాలు అర్థం కాని రోజున ఆ ఇంట్లో అడగడానికి మనిషి లేడు. మర్నాడు టీచరు దశాంశాలకు వెళ్లిపోతారు. సిలబస్ పూర్తి చేయకపోతే ఆయన మీద నోటీసు. అలా ఒక్కో సాయంత్రం కూడి, తొమ్మిదో తరగతికొచ్చేసరికి ఆ పిల్ల ‘సి గ్రేడు’ జాబితాకెక్కుతుంది. అప్పుడు ‘స్లో లెర్నర్’ అని పేరు పెడతాం. ఆ పిల్ల బుర్రలో ఏ లోపమూ లేదు. పక్క బెంచీ పిల్లకు ఇంటి దగ్గర దొరికిన వందల గంటల సాయం ఆమెకు దొరకలేదు.

ఊళ్లో ఉండే పిల్లల సంగతి ఇది. ఊరే వదిలి వెళ్లేవారి గతి ఇంకా ఘోరం. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, మంత్రాలయం, పెద్దకడబూరు ప్రాంతాల్లో, ఊళ్లకు ఊళ్లే ‘సుగ్గి’కి, అంటే కూలి పనుల వలసకు, పోతాయి. ముందు పత్తి తీతలకు, ఆ తర్వాత గుంటూరు వైపు మిరప కోతలకు. ఇంటికి తాళం వేసి, ముసలివాళ్లను వదిలి, పిల్లల్ని వెంటబెట్టుకుని ట్రాక్టర్లు, ఆటోలు ఎక్కుతారు. మిరప కోతలు జోరుగా సాగేది జనవరి నుంచి మార్చి దాకా. పదో తరగతి పరీక్షలు మార్చిలోనే. బడి రిజిస్టరులో ఆ పిల్లల పేర్లుంటాయి, పిల్లలు చేలగట్ల మీద ఉంటారు. పాలమూరు వలసలూ ఇదే కథను తరాలుగా చెబుతూ వచ్చాయి. ఒడిశాలోని బలాంగీర్, నువాపడ నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల పిల్లలకైతే బడి దొరికినా అక్కడి భాష వేరు. ఈ పిల్లల మార్కుల్ని హైదరాబాద్ కార్పొరేట్ స్కూలు మార్కుల పక్కన ఒకే పట్టికలో వేసి ప్రతిభ అని పిలవడానికి మనకు మనసెలా ఒప్పుతోంది?

తేడా బడిలో చేరకముందే మొదలవుతుందని కూడా మన దగ్గరే తేలింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు చెందిన మూడు వేల మంది పిల్లల్ని వెంబడిస్తూ వచ్చింది. పసితనంలో తిండి చాలక ఎదుగుదల ఆగిన పిల్లలు తర్వాత చదువులోనూ వెనకబడుతున్నారని అది చూపింది. కొడుకును ప్రైవేటుకు, కూతుర్ని సర్కారీ బడికి పంపే తీరునూ బయటపెట్టింది. అంటే ఒకే ఇంట్లో కూడా డబ్బు అందరికీ సమానంగా అందదు. రెండు రాష్ట్రాల్లో కలిపి 90 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. వాటిని గుడ్లు, పాలు పంచే చోటుగా చూసినంతగా, మాటలు నేర్పే చోటుగా ఏ ప్రభుత్వమూ చూడలేదు.

డబ్బు లెక్కకూ వద్దాం. 2025లో కేంద్ర గణాంక శాఖ విడుదల చేసిన విద్యా సర్వే ప్రకారం దేశంలో ప్రభుత్వ బడి విద్యార్థిపై ఏడాదికి కుటుంబం పెట్టే సగటు ఖర్చు 2,863 రూపాయలు. ప్రభుత్వేతర బడుల్లో అది 25,002 రూపాయలు. విద్యార్థుల్లో దాదాపు 27 శాతం మంది విడిగా కోచింగ్‌కు వెళ్తున్నారు. ఆ కోచింగ్ ఏమిటి? కొనుక్కున్న సాయంత్రమే. కొనగలిగినవారికి అది ఇంటి ముంగిటికొస్తుంది, కొనలేనివారి పిల్లలు దాని పర్యవసానాన్ని ర్యాంకు కార్డులో చదువుకుంటారు.

అమెరికాలో 1966లో జేమ్స్ కోల్మన్ బృందం ఆరు లక్షల మందికి పైగా విద్యార్థులను పరిశీలించి, బడి వసతులకంటే కుటుంబ నేపథ్యమే చదువును ఎక్కువగా నిర్ణయిస్తోందని చెప్పింది. దాన్ని పట్టుకుని బడుల వల్ల ఏమీ కాదని తేల్చేసినవారు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ఆ నిర్ధారణ తప్పు. అది తప్పని చెప్పడానికి మన గురుకులాలే సాక్ష్యం. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన ఆ ఒరవడి ఇవాళ వందల విద్యాలయాలుగా విస్తరించింది. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినే. ఆ పిల్లల తల్లిదండ్రులు మారలేదు, వారి కూలీ డబ్బులు పెరగలేదు. మారింది సాయంత్రం. వేళకు అన్నం, దీపం కింద స్టడీ అవర్, అడిగితే చెప్పే టీచరు. ప్రవేశ పరీక్ష పెట్టి ఏరుకున్న పిల్లలు కదా అంటే, నిజమే, విజయంలో కొంత వాటా ఆ ఏరికకూ పోతుంది. కలుషితాహారంతో గురుకుల పిల్లలు ఆసుపత్రుల పాలైన ఘటనలను కూడా ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. పైగా మంచి చదువు కావాలంటే పదేళ్ల పిల్ల తల్లి ఒడి వదిలి రావాల్సిందేనన్న షరతు ఏ సమాజానికీ గౌరవం కాదు.

విశేషమేమిటంటే, ఈ తేడాను ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో జిల్లాపరిషత్, మున్సిపల్, ఇతర ప్రభుత్వ బడుల పిల్లలకు జీపీఏకు 0.4 పాయింట్లు కలిపే నిబంధన పెట్టారు. హాస్టలు లేని, రోజూ ఇంటి నుంచి వచ్చి వెళ్లే బడుల పిల్లలకే ఆ డిప్రివేషన్ స్కోరు. చాలా న్యాయమైన ఆలోచన. సాయంత్రం ఇంటికి వెళ్లే పేద పిల్లకు ఎక్కువ మెట్లున్నాయని లెక్కలో రాసిన నిబంధన అది. దాన్ని ట్రిపుల్ ఐటీల గేటు దగ్గరే ఆపేయడం ఎందుకు? పాలిటెక్నిక్, డిగ్రీ, వృత్తివిద్యా ప్రవేశాలకూ విస్తరించాలి. తమిళనాడు 2020లో ప్రభుత్వ బడుల పిల్లలకు వైద్య సీట్లలో 7.5 శాతం కోటా ఇచ్చింది.

అయితే ప్రవేశాల దగ్గర మార్కులు కలపడం ఆలస్యంగా చేసే న్యాయం. ముందుగా చేయాల్సిందీ తమిళనాడే చేసి చూపింది. కోవిడ్ మూసివేత తర్వాత 2021లో ‘ఇల్లం తేడి కల్వి’ పేరుతో సుమారు రెండు లక్షల మంది వలంటీర్లను, ఎక్కువగా ఆ వీధుల్లోని చదువుకున్న మహిళలను, నెలకు వెయ్యి రూపాయల గౌరవ వేతనంతో తీసుకుంది. రోజూ సాయంత్రం గంట, గంటన్నర ఇంటి దగ్గర్లోనే పాఠాలు. బడులు తెరిచిన ఆరు నెలల్లో పిల్లలు పోయిన చదువులో మూడింట రెండు వంతులు తిరిగి తెచ్చుకున్నారని, ఆ కోలుకోవడంలో దాదాపు నాలుగో వంతు ఈ సాయంత్రపు తరగతుల పుణ్యమని పరిశోధకులు లెక్కగట్టారు. పేదింటి పిల్లలకే మేలు ఎక్కువగా జరిగింది. మరి మన దగ్గర? పదో తరగతి పరీక్షలకు ముందు కొన్ని వారాలు స్పెషల్ క్లాసులు పెట్టి, గుగ్గిళ్లో బిస్కెట్లో ఇచ్చి సరిపెడుతున్నాం. తొమ్మిదేళ్లు పోగొట్టుకున్నది తొమ్మిది వారాల్లో రాదు.

పేదరికం నుంచి కలెక్టర్లు రాలేదా, డాక్టర్లు కాలేదా అని కొందరు అడుగుతారు. వచ్చారు. ఆ బిడ్డలకు నమస్కరించాలి. వారు దాటి వచ్చిన అడ్డంకులను మిగతా పిల్లలకు అలాగే ఉంచేయడానికి మాత్రం వారి పేరు వాడుకోకూడదు. ఒకరు గట్టెక్కారని చెప్పి వాగు మీద వంతెన కట్టడం మానేస్తామా?

నగదు ఇస్తున్నాం కదా అన్నది ప్రభుత్వాల జవాబు. ఆంధ్రప్రదేశ్‌లో ‘తల్లికి వందనం’ కింద బిడ్డకు 15,000 రూపాయలు కేటాయించి, బడి నిర్వహణకు 2,000 మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేస్తున్నారు. ఆ డబ్బు అక్కర లేదని అనం. బడి మానకుండా ఆపడంలో దాని పాత్ర ఉంది. కానీ ఆ డబ్బు పొలం నుంచి తల్లిని పెందరాళే ఇంటికి తీసుకురాదు, భిన్నాలు చెప్పే మనిషిని ఊళ్లో పుట్టించదు. ఈ పథకానికి అర్హత తేల్చడానికి రేషన్ కార్డు చూస్తారు, నెలకు 300 యూనిట్ల కరెంటు దాటిందా అని చూస్తారు. ఎవరింట్లో ఎంత కరెంటు కాలుతోందో తెలిసిన యంత్రాంగానికి, ఏ బిడ్డ తల్లి బడి ముఖం చూడలేదో తెలుసుకోవడం కష్టమా? ఇంటింటికీ వెళ్లి పింఛను అందించగలిగిన రాష్ట్రానికి, వీధికో సాయంత్రపు బడి నడపడం చేతకాని పనా?

కాబట్టి మా డిమాండ్ స్పష్టం. ఒకటో తరగతి నుంచే, ప్రతి ప్రభుత్వ బడి ఆవరణలో నాలుగు నుంచి ఆరున్నర వరకు అల్పాహారంతో కూడిన చదువు వేళ ఏడాది పొడవునా నడవాలి. యాప్‌లలో ఫొటోలు ఎక్కించలేక సతమతమవుతున్న టీచర్ల నెత్తిన దీన్ని కూడా రుద్దకూడదు. ఊళ్లలో డిగ్రీ, డీఎడ్ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయిలు ఎందరో ఉన్నారు. వారికి గౌరవప్రదమైన వేతనం ఇచ్చి నియమించాలి. 2024 ‘అసర్’ సర్వేలో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. పునాది అక్కడ పోతుంటే డబ్బంతా పదో తరగతి మీద కుమ్మరించడం అర్థం లేని పని. ఉదయం పూట తమిళనాడు 2022 నుంచి ప్రాథమిక బడుల్లో పెడుతున్న టిఫిన్ మన దగ్గరా నిలకడగా సాగాలి. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేదలకు ఇచ్చిన 25 శాతం సీట్లను రాష్ట్రాలు నిజాయతీగా నింపాలి. తెలంగాణలో ఆ నిబంధన పదేళ్లకు పైగా పడకేయడం క్షమించరానిది. సీటు దొరికిన పిల్లకు కూడా సాయంత్రపు తోడు కావాలన్న సంగతి మరవకూడదు.

వలస పిల్లల విషయంలో ఇంకో విద్యా సంవత్సరం ఆగడానికి వీల్లేదు. సీజనల్ హాస్టళ్లకు సమగ్ర శిక్షలో వీలుంది, అవి తెరుచుకునేది మాత్రం తరచూ వలస బండ్లు కదిలాక. దసరా సెలవులు ముగిసేలోగా వలస మండలాల్లో ఇంటింటి జాబితా సిద్ధం కావాలి. దీపావళికి ముందే హాస్టళ్లలో వంట మనిషి, వార్డెను, బియ్యం, దుప్పట్లు ఉండాలి. తల్లిదండ్రులు పనికి వెళ్లే ముందు పిల్లల్ని తీసుకొచ్చి ఆ చోటు చూపించే బాధ్యత మండల విద్యాధికారిది. అది జరిగిందో లేదో తేల్చుకునే బాధ్యత కలెక్టరుది.