ఇంటి పెరట్లో జీపు బాడీ: మరమ్మతుకూ మార్పుకూ మధ్య గీత ఎక్కడ?

ఇరవై ఏళ్లు దాటిన కారు లేదా జీపు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ 2025 ఆగస్టులో రూ. 10,000కు పెంచింది. 2022 ఏప్రిల్‌కు ముందు ఈ రుసుము రూ. 600 మాత్రమే, ఆ తర్వాత రూ. 5,000 అయింది. పాత వాహనాన్ని వదులుకోవాలన్నదే ప్రభుత్వ సంకేతం. అయినా వదులుకోలేని యజమానులు ఉన్నారు. వారిలో పాత జీపుల యజమానులది ప్రత్యేక సమస్య. ఇంజిన్ బాగుంటుంది, చట్రం గట్టిగా ఉంటుంది, బాడీ రేకు మాత్రం తుప్పుపట్టి రాలిపోతుంది. దాన్ని ఇంటివద్దే విప్పి కొత్త రేకు వేసుకుంటే చట్టం ఏమంటుంది? ఈ ప్రశ్నకు నేడు సూటి జవాబు దొరకడం కష్టం.

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి-3 వంటి పట్టణంలో ఈ ప్రశ్నకు మరింత ప్రాధాన్యం ఉంది. రాయ్‌పూర్, దుర్గ్ నగరాల మధ్య జాతీయ రహదారి పక్కన, చరోదా రైల్వే యార్డును ఆనుకొని ఉన్న ఊరు ఇది. ఉక్కు కర్మాగారంలోనూ, రైల్వేలోనూ ఉద్యోగాల కోసం రెండు మూడు తరాల క్రితం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో అనేకం. వెల్డింగు, ఫిట్టింగు, లేత్ పని తెలిసిన చేతులకు ఇక్కడ కొదవ లేదు. ఇతర పట్టణాల్లో టింకరింగ్ దుకాణానికి వెళ్లే పని ఇక్కడ ఇంటి ఆవరణలోనే జరిగిపోగలదు.

జీపు నిర్మాణమే ఇందుకు వీలు కల్పిస్తుంది. మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపుల పనికి శ్రీకారం చుట్టింది. నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం, దానిపై రబ్బరు బుష్‌లతో, బోల్టులతో బిగించిన రేకు తొట్టి అన్న సూత్రం ఆ తరం జీపులన్నిటికీ ఒకటే. బోల్టులు విప్పితే బాడీ మొత్తం పైకి లేస్తుంది. నేటి కార్లలో బాడీ, చట్రం ఒకటే కనుక రేకును కోయడమంటే వాహనం వెన్నెముకను కోయడమే. జీపులో అలా కాదు. ఈ సాంకేతిక భేదాన్ని చట్టం గుర్తించకపోవడమే సమస్యకు మూలం.

చట్టం ఏమంటోంది?

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఆర్సీలోని వివరాలు మారిపోయేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. వాహనం మౌలిక స్వరూపాన్ని మార్చే నిర్మాణపరమైన మార్పునే ‘మార్పు’గా భావించాలని అదే సెక్షన్ వివరణ చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఇచ్చిన తీర్పులో ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. రాష్ట్రాల నిబంధనలు ఏవైనా 52వ సెక్షన్‌కు లోబడే ఉండాలని స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ చట్టం శిక్షను కూడా చేర్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఈ కాఠిన్యానికి కారణాలు లేకపోలేదు. పాడేరు, అరకు ఏజెన్సీ దారుల్లో జీపుల వెనుక మెట్లపైనా, పైకప్పుపైనా జనం వేలాడుతూ ప్రయాణించడం తెలుగువారికి కొత్త దృశ్యం కాదు. ఎక్కువ మందిని ఎక్కించేందుకు బాడీని పొడిగించిన వాహనం లోయ అంచున తిరగబడితే ఆ నేరం రేకుది కాదు, మార్పు చేసిన మనిషిది. ముందు భాగంలో బిగించే ఇనుప గార్డులు పాదచారులకు ప్రాణాంతకమవుతున్నాయని గుర్తించిన కేంద్రం, అవి 52వ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. కేరళలో 2021లో ఇద్దరు వ్లాగర్ సోదరుల వ్యాను స్వాధీనమైన ఉదంతం దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది. ప్రదర్శన కోసం చేసే మార్పులపై కఠినంగా ఉండడాన్ని తప్పుపట్టలేం.

కానీ తుప్పుపట్టిన నేల రేకును కోసి, అదే కొలతలో, అదే మందంలో కొత్త రేకు అతకడం ఈ కోవలోకి రాదు. ఆర్సీలోని ఏ వివరమూ అందువల్ల మారదు. మెత్తటి టాపు జీపుకు శాశ్వత ఇనుప కప్పు వేస్తే మాత్రం బాడీ రకమే మారుతుంది. మొదటిది మరమ్మతు, రెండోది మార్పు. వీటి మధ్య ఉండే పదుల రకాల పనులు ఎటు చెందుతాయో తేల్చే లిఖిత ప్రమాణం లేకపోతే, ఆ నిర్ణయం తనిఖీ చేసే అధికారి విచక్షణకే మిగిలిపోతుంది.

రేకు లెక్క, బరువు లెక్క

ఇంటి పనిలో అసలు ప్రమాదం చాలామంది అనుకునే చోట ఉండదు. భిలాయి కర్మాగారం రైలు పట్టాలకు, మందపాటి ప్లేట్లకు పేరుపొందింది. జీపు బాడీకి కావలసినది మిల్లీమీటరుకు కాస్త అటూఇటూ మందం ఉండే పలుచని కోల్డ్ రోల్డ్ రేకు. అది ఇక్కడి ఉత్పత్తి కాదు. చుట్టుపక్కల సులభంగా దొరికే రేకు, బాడీకి కావలసిన రేకు ఒకటి కావు. గట్టిగా ఉంటుందన్న నమ్మకంతో మూడు మిల్లీమీటర్ల ప్లేటు వేసేవారు అంతే మేరకు బరువు పెంచుతున్నారు. పాత సీజే-3బీ జీపు చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే. పొట్టి చట్రంపై ఎత్తున బరువు చేరితే గురుత్వ కేంద్రం పైకి జరుగుతుంది. మలుపులో తిరగబడే అవకాశం పెరుగుతుంది. పాతకాలపు డ్రమ్ బ్రేకులు ఆ అదనపు బరువును ఆపేందుకు రూపొందినవి కావు.

పనిచేసే మనిషికీ ముప్పు ఉంది. ఆ తరం విల్లీస్ నమూనాల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. ట్యాంకును దించకుండా నేల రేకుకు వెల్డింగు చేయడం ప్రాణాలతో చెలగాటమే. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం. జింకు పూత ఉన్న రేకును వెల్డింగు చేసినప్పుడు వచ్చే పొగ జ్వరాన్ని తెస్తుంది. పాత పెయింటును గీకినప్పుడు లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. పిల్లలు తిరిగే ఇంటి ఆవరణలో ఇది చిన్న విషయం కాదు. గ్యారేజీలో నిబంధనలు అమలు చేయడమే కష్టమైన దేశంలో ఇంటి పెరటిని పర్యవేక్షించేవారు ఉండరు. కాబట్టి పరీక్ష పని జరిగే చోట కాక, పని పూర్తయిన వాహనంపై జరగాలి.

ఉన్న దారులు, లేని దారి

విచిత్రమేమిటంటే, తయారీదారు కాక మరొకరు బాడీ కట్టడం ఈ దేశంలో కొత్త కాదు. విజయవాడ ఆటోనగర్ పేరు తెచ్చుకున్నదే లారీ బాడీల నిర్మాణంతో. బస్సుల బాడీకి ఏఐఎస్-052, లారీల బాడీకి ఏఐఎస్-093 అనే ప్రమాణాలున్నాయి. ఛాసిస్ తయారీదారు ఒక భాగాన్ని, బాడీ కట్టినవారు మరో భాగాన్ని ధ్రువీకరించే ఫారం 22-ఏ ఉంది. పెట్రోలు వాహనానికి సీఎన్‌జీ కిట్టు, విద్యుత్ కిట్టు అమర్చేందుకు నిర్దిష్ట అనుమతి విధానం ఉంది. గుండెను మార్చడానికి దారి చూపిన వ్యవస్థ, చర్మాన్ని బాగు చేసుకునేందుకు అంతటి స్పష్టమైన దారి చూపలేదు.

పురాతన వాహనాల నిబంధనలు కూడా ఇక్కడ సాయపడవు. 2021 జులైలో వచ్చిన ఈ నిబంధనలు తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకు ప్రత్యేక నంబరు సిరీస్ ఇస్తున్నాయి. కానీ చట్రం, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు జరగరాదన్నది షరతు. పైగా ఆ హోదా పొందిన వాహనాన్ని రోజువారీ ప్రయాణాలకు వాడరాదు. పొలానికో, అడవి దారికో జీపును ఇంకా వాడుకుంటున్న కుటుంబానికి ఆ హోదా అలంకారమే.

ఇతర దేశాలు ఈ చిక్కును వేర్వేరుగా విప్పాయి. జర్మనీలో మార్పు చేసిన వాహనాన్ని గుర్తింపు పొందిన నిపుణుడు విడిగా పరీక్షించి, ఆమోదిస్తే ఆ మార్పును పత్రాల్లో నమోదు చేస్తారు. ఆస్ట్రేలియాలో మార్పులకు జాతీయ నియమావళి, ధ్రువీకరించే ఇంజినీర్లు ఉన్నారు. బ్రిటన్ చాలాకాలం పాయింట్ల పద్ధతిని అనుసరించింది. అందులో చట్రానికి 5, స్టీరింగ్, సస్పెన్షన్, యాక్సిల్స్, గేర్‌బాక్సు వ్యవస్థలకు తలా 2, ఇంజిన్‌కు 1 పాయింటు. చట్రం మీద విడిగా కూర్చునే బాడీకి ఆ లెక్కలో పాయింటే లేదు. వాహనం గుర్తింపు దాని చట్రంలో ఉంటుందన్నది అక్కడి అవగాహన.

మన దేశంలో ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. మార్పులకు ప్రమాణాలు, అనుమతి షరతులు నిర్దేశించే అధికారాన్ని 2019 సవరణ 52వ సెక్షన్‌లోనే కేంద్రానికి ఇచ్చింది. ఆ అధికారం కింద మూడు విషయాలు నిర్ణయిస్తే చాలు. చట్రంపై విడిగా నిలిచే బాడీని అసలు కొలతల్లో తిరిగి నిర్మించడం మరమ్మతేనని ప్రకటించాలి. కొలతలు, బరువు, సీట్ల సంఖ్య మారితే మాత్రం పరీక్ష తప్పనిసరి చేయాలి. ఆటోమేటెడ్ తనిఖీ కేంద్రాల్లో తూకం, బ్రేకు పరీక్ష, వెల్డింగు పరిశీలన జరిపి ఆర్సీలో నమోదు చేసే ఏర్పాటు ఉండాలి. రూ. 10,000 రుసుము వసూలు చేస్తున్న ప్రభుత్వం, ఆ వాహనం సురక్షితమో కాదో తేల్చే బాధ్యత కూడా తీసుకోవడం న్యాయం.

అంతవరకు యజమానులు పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. పని మొదలుపెట్టే ముందు ప్రతి కోణంలోనూ ఫొటోలు, కొలతలు భద్రపరచాలి. ఛాసిస్ నంబరు ఉన్న భాగాన్ని కోయడం, రుద్దడం, దానిపై పుట్టీ పూయడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. రేకు కొనుగోలు రసీదులు దాచుకోవాలి. బాడీ రకం, సీట్లు మారే పని తలపెడితే ముందుగా రవాణా కార్యాలయం నుంచి లిఖితపూర్వక సమాధానం కోరాలి. బీమా సంస్థకు కూడా తెలియజేయాలి. చెప్పని మార్పు ప్రమాదం తర్వాత పరిహారాన్ని అడ్డుకోగలదు.

తుక్కు విధానం లక్ష్యం రోడ్లపై ప్రమాదకరమైన వాహనాలు తగ్గడమే గాని, బాగు చేయగల వాహనాలు మాయం కావడం కాదు. పరీక్షకు దారి మూసేస్తే భిలాయి-3 పెరళ్లలో పని ఆగిపోదు, చీకట్లో సాగుతుంది. దారి తెరిస్తే అదే పని వెలుగులోకి వచ్చి తూకానికి నిలబడుతుంది. భద్రతకు ఏది మేలో నిర్ణయించవలసింది ఇప్పుడు కేంద్ర రవాణా శాఖే.