బీరువాలో బీరు పీపా

రిఫ్రిజరేటరు అనే తెల్ల బీరువాలో చలి తయారవుతుందని చాలామంది నమ్మకం. నిజానికి అందులో తయారయ్యేదేమీ లేదు. లోపలి వేడిని తోడి బయట పారబోసే యంత్రం అది. నూతి గిలక లాంటిదన్నమాట. చేద చిన్నదయితే నీళ్లు తోడడానికి ఎక్కువసేపు పడుతుంది. అంతమాత్రాన గిలకను తిట్టి లాభమేమిటి? ఈ ముక్క గుర్తుంచుకుంటే ఫ్రిజ్‌తో వచ్చే తగాదాలు సగం తీరిపోతాయి. మిగతా సగం తీరేందుకు ఈ వారం ఒక బీరు పీపా కథ చెబుతాను. ఆ పేరు వినగానే మొహం చిట్లించకండి. దాని రుచి నేనెరుగను. కాని ముప్పయ్యేళ్లు కాలేజీలో ఫిజిక్సు చెప్పినవాణ్ణి గనక, దాని వేడి మాత్రం నాకు సంబంధించిన సంగతే.

ఆ మాటకొస్తే వేడికీ బీరుకీ చుట్టరికం పాతదే. ఎంత పనికి ఎంత వేడి పుడుతుందో కొలిచి చూపిన జేమ్స్ జూల్, ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో బీరు కాచే కుటుంబంలో పుట్టినవాడు. బవేరియాలో వేసవి నెలల్లో బీరు కాయరాదని 1553లో ప్రభువులు ఆజ్ఞ వేశారు. ఎండల్లో కాస్తే చెడిపోయేది మరి! చలికాలంలో కాచి, నేలమాళిగల్లో మంచు గడ్డల నడుమ దాచుకునేవారు. 1870ల్లో కార్ల్ ఫన్ లిండే అనే ఇంజనీరు శీతల యంత్రం కట్టినప్పుడు, తొలుత ఆదరించినది మ్యూనిక్‌లోని స్పాటెన్ బీరు కర్మాగారం. అంటే, మనం ఇడ్లీపిండీ పెరుగూ దాచుకుంటున్న యంత్రం బీరువాళ్ల పుణ్యమా అని వృద్ధిలోకి వచ్చిందన్నమాట.

ఇప్పుడు అమెరికాలో ఇంటి ఫ్రిజ్‌నే తిరిగి బీరుకు అప్పగిస్తున్నారు. ఇంటివాడకానికి బీరు కాచుకోవచ్చునంటూ 1978లో ప్రెసిడెంటు కార్టర్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. ఆ సరదా పెరిగినకొద్దీ, పాత ఫ్రిజ్‌లో అరలు ఊడదీసి, పీపా నిలబెట్టి, నెత్తిన కొళాయి స్తంభం బిగించుకునే సరదా కూడా పెరిగింది. పక్కన బొగ్గుపులుసు వాయువు సిలిండరు ఒకటి ఉంటుంది. ఆ వాయువు పీపాలోకి తోస్తే, బీరు గొట్టం వెంట కొళాయికి ఎక్కుతుంది. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. చిక్కల్లా, పాల సీసాలకూ కూరగాయలకూ కట్టిన బీరువా మీద ఏనుగంత బరువు మోపడంలో ఉంది.

కిందటి వేసవిలో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పక్కింట్లో అమెరికన్ ముసలి దంపతులు. మా మనవడు పుట్టిన రాత్రి, అల్లుడుగారు ఊళ్లో లేని సమయంలో, కురుస్తున్న మంచులో మా అమ్మాయిని కారెక్కించి ఆస్పత్రికి చేర్చినవాళ్లు వాళ్లే. వాళ్ల పెళ్లయి యాభై ఏళ్లు నిండిన శనివారం అరవైమంది బంధువులు వస్తున్నారు. “బీరు ఏర్పాటు నాది” అని అల్లుడుగారు మాట ఇచ్చారు. ఇలాంటి ఋణం తీరేది కాదు. కనీసం తలుచుకున్నట్టయినా ఉంటుందని ఆయన ఆశ.

బుధవారం తెచ్చిన పీపా, ఫ్రిజ్ సిద్ధమయ్యేదాకా గరాజు వేడిలోనే ఉండిపోయింది. గురువారం సాయంత్రం ఆరింటికి లోపల పెట్టారు. రాత్రి పదింటికి కొళాయి తిప్పితే గ్లాసులో ముప్పాతిక వంతు నురగ!

“మావయ్యగారూ, లోపల థర్మామీటరు 38 డిగ్రీలు చూపిస్తోంది. సరిగ్గా ఉండవలసినంతే ఉంది. గ్యాసు ఒత్తిడి ఎక్కువయినట్టుంది” అంటూ ఆయన ఒత్తిడి తగ్గించారు. నురగ ఇంకా పెరిగింది. “ఈ ఫ్రిజ్ దండగ. రేపు దీన్ని పారేసి కొత్తది తెస్తాను.”

“ఆ 38 ఎవరికండీ? గాలికా, బీరుకా?” అన్నాను.

ఆయన నా వంక చూశారు. రెండు గ్లాసులు పోసి పక్కన పెట్టించి, మూడో గ్లాసులో థర్మామీటరు ముంచాను. 66 ఫారెన్‌హీటు డిగ్రీలు! గాలి చల్లబడింది. గాలిలో సరుకేముంది గనక, పది నిమిషాల్లో చల్లబడుతుంది. పీపాలో ఉన్నది పదిహేనున్నర గాలన్లు, అంటే 58 లీటర్ల పైచిలుకు. దాన్ని 70 డిగ్రీల నుంచి 38కి దింపాలంటే, పదమూడు కిలోల మంచుగడ్డ కరగడానికి కావలసినంత వేడిని లోపలినుంచి బయటికి మోయాలి. చిన్న ఫ్రిజ్ నికరంగా 50 వాట్ల చొప్పున మోసిందనుకోండి, దాదాపు ఇరవై అయిదు గంటలు పడుతుంది. అదీ యంత్రం ఆగకుండా నడిస్తేనే.

అసలు కిటుకు అక్కడే ఉంది. ఆ యంత్రం ఆగుతోంది. మామూలు ఫ్రిజ్‌లో వేడిని కనిపెట్టే థర్మోస్టాటు వెనక చల్లటి పలకను అంటిపెట్టుకుని ఉంటుంది. పలక చల్లబడగానే పనయిపోయిందనుకుని కంప్రెసరును నిద్రపుచ్చుతుంది. జానెడు దూరంలో పీపా ఉడికిపోతున్నా దానికి పట్టదు. ఇక నురగ సంగతి. బీరు వెచ్చగా ఉంటే బొగ్గుపులుసు వాయువును పట్టి ఉంచలేదు. ఒత్తిడి తగ్గిస్తే ఆ వాయువు గొట్టంలోనే విడిపోయి మరింత పొంగుతుంది. 38 డిగ్రీల దగ్గర మామూలు బీరుకు చదరపంగుళానికి పది పన్నెండు పౌన్ల ఒత్తిడి ఉండాలి. జబ్బు వేడిది, మందు ఒత్తిడికి వేస్తే ఎలా?

ఆ రాత్రే పనిలోకి దిగాం. మొదట తలుపు. తలుపుకూ చట్రానికీ నడుమ డాలరు నోటు పెట్టి మూసి లాగితే బిగువుగా రావాలి. కింది మూలలో ఊరికే జారి వచ్చింది. పీపాకు చోటు చాలదని లోపలి ప్లాస్టిక్ పలక ఊడదీశారు కదా, రబ్బరు అంచును పట్టి ఉంచేది ఆ పలకే. దాని స్థానంలో బల్లపరుపు ప్లాస్టిక్ రేకు మరలతో బిగించాం. నోటు పట్టుబడింది. తరువాత పీపాను వెనక పలకకు తగలకుండా రెండంగుళాలు ముందుకు జరిపి, చుట్టూ గాలి తిరిగే దారి ఇచ్చాం. ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరం లాగి, వెనక తీగల మీది దుమ్ము దులిపాం. తోడిన వేడి బయటికి పోవడానికి దారి ఉండాలి కదా!

ఆ పైన, పాత కంప్యూటరులోని చిన్న ఫంకా ఒకటి తెచ్చి లోపల అడుగున పెట్టాం. చల్లగాలి బరువు, అడుగున కూర్చుంటుంది. ఫంకా దాన్ని లేపి పీపా చుట్టూ తిప్పుతుంది. దానికే ఒక గొట్టం తగిలించి, కొంత గాలిని పైనున్న కొళాయి స్తంభంలోకి పంపాం. ఆ స్తంభం గది వేడిలో నిలబడి ఉంటుంది గనక, అందులో నిలిచిన గుక్కెడు బీరు ఎప్పుడూ వెచ్చనే. పీపా చల్లగా ఉన్నవాళ్లకు కూడా మొదటి గ్లాసు మాత్రం పొంగడానికి కారణం ఇదే.

చివరిగా, బయట తగిలించే ఉష్ణోగ్రతా నియంత్రకం ఒకటి అల్లుడుగారి దగ్గరే ఉంది. దాని తీగ కొసను గాలిలో వేలాడదీయకుండా, పీపా నడుముకు అంటించి పైన స్పాంజి కప్పాం. ఇప్పుడు యంత్రం బీరును అడిగి నడుస్తుంది, గాలిని అడిగి కాదు. రెండు డిగ్రీల తేడా, అయిదు నిమిషాల విరామం పెట్టాం. లేకపోతే కంప్రెసరు ఊరికే ఆగుతూ లేస్తూ చెడిపోతుంది.

“అయితే తలుపు తీసి చూస్తూ ఉండాలా, మావయ్యగారూ?”

“అదొక్కటీ చేయకండి. నూతిలోకి మళ్లీ నీళ్లు పోసినట్టవుతుంది.”

శుక్రవారం రాత్రి పదింటికి 46. శనివారం మధ్యాహ్నానికి 39. సాయంత్రం పక్కింటి పెద్దాయన తొలి గ్లాసు తీసుకుని, పైన రెండు వేళ్ల నురగ చూసి, భార్య చేతికి ఇచ్చాడు. ఆవిడ ఒక గుక్క తాగి, మా అల్లుడుగారి భుజం తట్టింది. కొత్త ఫ్రిజ్ కొనవలసిన అవసరం రాలేదు. మా అమ్మాయి సంతోషించింది అందుకే కాబోలు!

ఇలాంటి పని చేయబోయేవారికి రెండు హెచ్చరికలు. ఫ్రిజ్‌కు కన్నం వేసేముందు శీతల ద్రవం తిరిగే గొట్టాలు ఎక్కడెక్కడున్నాయో తెలుసుకోవాలి. కొన్నిటిలో పక్కగోడల్లోనే ఉంటాయి. ఈనాటి చిన్న ఫ్రిజ్‌లు చాలావాటిలో ఉన్నది అంటుకునే వాయువు. ఇక బొగ్గుపులుసు వాయువుకు రంగూ వాసనా లేవు. మూసిన గదిలో కారితే ప్రాణాల మీదికి వస్తుంది. సిలిండరున్న చోట గాలి ఆడాలి, బిగింపులను సబ్బునీళ్లతో పరీక్షించాలి.

మనకు బీరు పీపాలు లేకపోవచ్చు. కాని చుట్టాలు దిగే గంట ముందు నాలుగు డజన్ల కూల్‌డ్రింకు సీసాలు ఫ్రిజ్‌లో కుక్కి, చల్లబడలేదని దాన్ని తిట్టే ఇళ్లు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. ఆ సీసాలను ముందురోజే పెట్టండి, నడుమ గాలికి చోటు వదలండి. అంత వ్యవధి లేకపోతే బక్కెట్లో మంచుగడ్డలూ నీళ్లూ కలిపి ముంచండి. గాలికన్నా నీరు వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగుతుంది. చల్లబడిందా లేదా అని తెలుసుకోవాలంటే ఫ్రిజ్ మీది అంకెను చూడకండి. ఒక సీసా మూత తీసి చూడండి.