ఓటెవరిది? సంతకమెవరిది?

ప్రజాస్వామ్యంలో అధికారం ప్రజలదేననీ, అనుమానమున్నవారు మన రాష్ట్రపు ఎన్నికల ఫలితాలు చూసుకోవచ్చుననీ బెజవాడ మేధావులు కొందరు వాదిస్తున్నారు. 2019లో 175 స్థానాలకు 151 గెలిచిన పార్టీని 2024లో అదే ప్రజలు 11 స్థానాలకు దించివేశారు. ఇంతకన్న రుజువేం కావాలని వారి ప్రశ్న.

ప్రభుత్వాన్ని దించే శక్తి ఓటుకున్నదన్న మాట నేను కాదనను. కాని ఎవరు పాలిస్తారన్నది ఒక ప్రశ్న. ఎవరి ప్రయోజనం కోసం పాలిస్తారన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి బ్యాలెట్ పెట్టె జవాబు చెబుతుంది. రెండవదానికి జవాబు కృష్ణా డెల్టా పొలాల్లో వెతకాలి.

బందరు కాలవ వెంట ఏ వూరికైనా పోయి చూడండి. దున్నేవాడొకడు, పట్టా మరొకడిది. పట్టాదారు బెజవాడలోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో వుంటాడు. కౌలు నోటిమాట మీద నడుస్తుంది. ఎకరానికి యిన్ని బస్తాలని ముందే ఖాయం. తుపానుకు చేను పడిపోతే బస్తాలు తగ్గించడం, తగ్గించకపోవడం పట్టాదారు దయ. కాగితం లేదు గనుక బ్యాంకులో అప్పు పుట్టదు. వడ్డీ వ్యాపారే దిక్కు. కేంద్రం యిచ్చే పి.ఎం. కిసాన్ సొమ్ము కూడా భూమి పేరున వున్న కుటుంబానికే గాని, భూమిలో దిగినవాడికి కాదు.

ఈ కౌలురైతుకు ఓటు లేదా? వున్నది. పట్టాదారు ఓటుకూ అతని ఓటుకూ విలువ ఒక్కటే. మరి ఆ ఓటు అతనికి ఏం సంపాదించిపెట్టింది?

2011 చట్టం కింద రెవెన్యూ అధికారులు విచారించి కౌలురైతుకు రుణ అర్హత కార్డు యివ్వవచ్చు. యజమాని సంతకం తప్పనిసరి కాదు. 151 స్థానాల బలమున్న శాసనసభ 2019లో ఆ చట్టాన్ని రద్దుచేసి, పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. పేరు సాగుదారుదే. కాని కార్డు కావాలంటే పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం పడాలన్నది. యజమాని హక్కుకు ఏ భంగమూ రాదని అభయం కూడా యిచ్చింది. అయినా చాలామంది సంతకం చేయలేదు. చేయనివారిని అడిగే నాథుడూ లేడు. లక్షల ఓట్లు పోగై ఏర్పడిన సభ, చివరకు అధికారాన్ని ఒక్క పట్టాదారు కలానికి అప్పగించింది!

ఇది పొరపాటని నేననుకోను. శాసనసభకు పోటీచేయడానికి కట్టవలసిన డిపాజిట్టు పదివేలకు మించదు; కాని చట్టం ఒప్పుకున్న ఖర్చే 2024 ఎన్నికల్లో నలభై లక్షలు. ఒప్పుకోని ఖర్చు సంగతి ఓటర్లందరికీ తెలుసు. నలభై లక్షలు పెట్టగలవాడు కౌలుకిచ్చేవాడా, కౌలు కట్టేవాడా? గడప అందరికీ తెరిచే వున్నది. యిల్లు మాత్రం కొందరిదే.

మరి కౌలురైతు ఓటు మానుకోవాలా? ఎంతమాత్రమూ కాదు. చరిత్ర చూడండి. మద్రాసు శాసనసభ 1948లో జమీందారీలను రద్దుచేస్తూ చట్టం చేసింది. ఆ సభను ఎన్నుకున్న 1946 ఎన్నికల్లో వయోజన ఓటుహక్కే లేదు. ఆస్తి, పన్ను, చదువు వున్నవారే ఓటర్లు. దున్నేవారిలో చాలామందికి ఓటు లేదు. అయినా జమీందారీలు పోయాయి. ఎందుకు? చల్లపల్లి, మునగాల రైతులు అప్పటికి ఏళ్ల తరబడి సంఘాలు పెట్టి, దెబ్బలు తిని, జైళ్లకు పోయి పోరాడారు గనుక. జమీందారు స్థానంలో పట్టాదారు మిగిలిన మాట నిజమే. అయినా పాఠం స్పష్టంగానే వున్నది. ఓటులేని రైతు సంఘటితుడై జమీందారీని కూల్చాడు. ఓటున్న కౌలురైతు ఒంటరియై సంతకం కోసం యింటి ముందు నిలబడ్డాడు.

కనుక అధికారం ఎవరిదంటే, సంఘటితంగా వున్నవారిది. ఆస్తిపరులు పార్టీలకతీతంగా సంఘటితులు. ప్రభుత్వాలు మారినా వారు మారరు. కౌలురైతు తన సంఘంతో నిలబడి, ఓటడగవచ్చిన ప్రతి అభ్యర్థినీ ఒక్కటే అడగాలి: "ఆ సంతకం తీసివేయిస్తావా, లేదా?" జవాబు రానిచోట ఓటు పడకూడదు. అడిగేవాడు లేనంతకాలం ఓటు మనదే, రాజ్యం వారిదే.