గుత్తదారు లాభము, ప్రజల ఋణము

హైదరాబాదు మెట్రో రైలును గూర్చి తెలంగాణ ప్రభుత్వమునకును లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీకిని 2025 సెప్టెంబరులో కుదిరిన అంగీకారము ఆ నగరమునకే చెందిన విషయమని మనవారు తలంచినచో పొరపాటగును. కంపెనీ వైదొలగుటకును, సుమారు 13,000 కోట్ల రూపాయల ఋణమును ప్రభుత్వము తలకెత్తుకొనుటకును, వాటాకుగాను సుమారు 2,000 కోట్లు చెల్లించుటకును సూత్రప్రాయముగ నిర్ణయమైనది. లాభమునకై చేపట్టిన పని నష్టము రాగానే ప్రజల బొక్కసము వంక మరలినది. మన రాష్ట్రమునను ఇట్టి మార్గములు రెండు తలపెట్టబడియున్నవి గనుక, కలికిరి రైతైనను మదనపల్లె వర్తకుడైనను దీనిని విచారింపవలసియున్నది.

ఈ కథకు మూలము 2008 లో నున్నది. నగర రైలుమార్గములకు ప్రభుత్వము ధనసహాయము చేయుట లోకములో సాధారణము. నాడు మేటాస్ కంపెనీ సహాయము కోరకపోగా, తానే ప్రభుత్వమునకు 30,311 కోట్లు చెల్లింతునని ముందుకు వచ్చెను! టిక్కెట్లపై నింత సొమ్ము రాదని కూడికలు నేర్చిన బాలుడైనను చెప్పగలడు. ఆశ యంతయు డిపోలయొద్దను స్టేషనులయొద్దను చేజిక్కు భూమిమీదనే. ఢిల్లీ మెట్రో నిర్మాత శ్రీధరన్ గారు ప్రణాళికాసంఘమునకు లేఖ వ్రాసి హెచ్చరించిరి. ఆ హెచ్చరిక నాటి ప్రభుత్వమునకు రుచింపలేదు. 2009 జనవరిలో సత్యం కుంభకోణము బయల్పడెను; జూలైలో ఆ ఒప్పందము రద్దయ్యెను.

2010 లో లార్సెన్ అండ్ టూబ్రోతో క్రొత్త ఒడంబడిక జరిగినది. ఈసారి 1,458 కోట్ల సహాయమును, వ్యాపార కట్టడములకై 269 ఎకరముల భూవసతియు నొసగబడినవి. 2017 నవంబరు 28వ తేదీన మియాపూరు, నాగోలుల నడుమ 30 కిలోమీటరుల మార్గము ప్రారంభమై, 2020 ఫిబ్రవరి నాటికి మొత్తము 69 కిలోమీటరులైనది. ఇరుకు బజారులపై ఇంత కట్టడమును నిలిపిన ఇంజనీర్ల నేర్పును మేము మనసార మెచ్చుకొనుచున్నాము. కాని మరుసటి మాసముననే కోవిడు వచ్చి బండ్లను సెప్టెంబరు వరకు నిలిపివేసెను. ప్రయాణికుల సంఖ్య తొలి అంచనాల నెన్నడు నందుకొనలేదు. 2025 మేలో ఛార్జీలు హెచ్చినవి.

ఒడంబడికలోనుండి కట్టబడక మిగిలిన దేది? మహాత్మాగాంధి బస్సుస్టేషను నుండి ఫలక్‌నుమా వరకు గల సుమారు 5.5 కిలోమీటరుల పాతబస్తీ మార్గము. చార్మినారు చుట్టుపట్ల మసీదులు, దేవళములు, సమాధులు కలవు; దారి మార్చవలెనని రాజకీయపక్షములు పట్టుబట్టినవి. ఇవి నిజమైన చిక్కులే. అయినను సుల్తానుబజారు వర్తకులు ఏండ్లతరబడి ఎదిరించినను అచట రైలు నడచుచునే యున్నది గదా! బీదవాడల చిక్కులే తీరని చిక్కు లెట్లైనవో మాకు బోధపడుట లేదు.

ఇప్పుడు విస్తరణ. 2024 మార్చి 8న ఫలక్‌నుమాయందు శంకుస్థాపన జరిగినది. అదే సంవత్సరము చివర ఐదు మార్గములు, 76.4 కిలోమీటరులు, 24,269 కోట్ల అంచనాతో తెలంగాణ ప్రభుత్వము ప్రణాళికను కేంద్రమునకు పంపినది. ఇందు శంషాబాదు విమానాశ్రయ మార్గమే 36.8 కిలోమీటరులు, చాంద్రాయణగుట్ట వరకు పాతబస్తీ మార్గము 7.5 మాత్రమే. విమానాశ్రయ మార్గము ఎల్బీనగరు మీదుగ పోవును గనుక నిరర్థకమనము. కాని విమానమెక్కువానికి కారు కలదు. పాతబస్తీ కూలివానికి కాళ్ళే కలవు. ఏది ముందు కట్టబడునో చూచి ప్రభుత్వము మనసు తెలిసికొనవచ్చును.

ఇక మన సంగతి. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము విశాఖ మెట్రో తొలిదశకు 46.23 కిలోమీటరులు, 11,498 కోట్లు, విజయవాడకు 38.4 కిలోమీటరులు, 11,009 కోట్లు అని ఆమోదించినది. ఈ ఋణమును తీర్చునది ఆ రెండు పట్టణములే కాదు. పాకాల–ధర్మవరము మార్గమున బండికై ఎదురుచూచు కలికిరి ప్రయాణికుడును తన పన్నులలో దీనికి వంతు చెల్లించును. కావున మన శాసనసభ్యులు తదుపరి సమావేశమున అడుగవలసినవి కలవు: రోజుకు ఎందరు ఎక్కుదురని లెక్కవేసిరి, ఆ లెక్క వేసినవా రెవరు? అందులో సగమే ఎక్కినచో లోటును భరించువా రెవరు? భూముల రాబడిపై నెంత ఆశ పెట్టుకొనిరి? కూలివాడలకు రైలు మొదటి సంవత్సరమున పోవునా, కడపట పోవునా? ఒడంబడికలపై సంతకములు పడకమునుపే ఈ ప్రశ్నలకు వ్రాతమూలకమైన సమాధానములు సభ బల్లపై నుంచబడవలెను.