గీజర్ టపటపమంటోందా?

మా మంగంపేట అంటే ముగ్గురాయి. అందుకేనేమో, గీజర్‌లో టపటపమని చప్పుడొస్తే "ముగ్గురాయి పొడి చేరిందిలే" అనేస్తారు. పాపం, దాని తప్పేం లేదు! ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్, నీళ్లలో దాదాపు కరగదు. అసలు దొంగ బోరు నీళ్లలోని కాల్షియం. నీళ్లు కాగేకొద్దీ సున్నపు పెచ్చులా కాయిల్‌కి పట్టేస్తుంది. పెచ్చు కింద చిక్కిన నీళ్లు మరిగి, ఆవిరి బుడగలు చిట్లే చప్పుడది. అలాగే వదిలేస్తే కరెంటూ ఎక్కువ కాలుతుంది, కాయిలూ పోతుంది.

మెకానిక్‌ని పిలిచి పెచ్చు తీయించండి. మెగ్నీషియం రాడ్ అరిగితే మార్పించండి. వేడి 60 డిగ్రీలు దాటనివ్వకండి.

అన్నట్టు, సేఫ్టీ వాల్వ్ నుంచి నీళ్లు కారుతున్నాయని కొందరు దానికి బిరడా బిగిస్తారు. ఆ పని మాత్రం వద్దు బాబూ! లోపలి ప్రెషర్ బయటికి పోయే దారి అదే. మూస్తే ట్యాంకే పేలొచ్చు.