నొప్పికి ‘చేతి’ వైద్యం!

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు దిగినంత నొప్పి. నాలుగడుగులు నడిచాక కాస్త తగ్గుతుంది. హమ్మయ్య అనుకుని మైదానానికి వెళ్లి పరుగు తీస్తే... మర్నాడు మళ్లీ మొదటికే! పరుగు సాధన చేసేవారిలో చాలామందికి ఇది తెలిసిన బాధే. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా వింటినారిలా ఉండే ‘ప్లాంటార్ ఫేషియా’ అనే పట్టీమీద భారం ఎక్కువవడమే కారణం. దీనికి నడుంనొప్పి కూడా తోడైతే ఆటే దూరమవుతుంది.

ఇలాంటప్పుడు ఫిజియోథెరపిస్టులు చేసే చికిత్సల్లో ఒకటి మాన్యువల్ థెరపీ. అంటే మందులూ యంత్రాలూ లేకుండా చేతులతోనే చేసేది. అలాగని మామూలు మర్దన కాదు. పిక్క కండరాల్ని సడలిస్తారు. చీలమండ, నడుం కీళ్లను ఒక లయలో నొక్కుతూ కదిలిస్తారు. ఎంత మేర కదపాలన్న దానికి ఆస్ట్రేలియా ఫిజియో జెఫ్రీ మైట్లాండ్ నాలుగు మెట్లు ఏర్పరిచారు. నొప్పి ఎక్కువగా ఉంటే కింది మెట్లు, బిగుతు ఎక్కువైతే పైమెట్లు.

కొన్నిసార్లు ‘టక్’మంటుంది. తప్పిన ఎముక చోటికి చేరిందని సంబరపడతారు చాలామంది. నిజానికది కీలులోని ద్రవంలో వాయువు చేసే చప్పుడు. ఇక్కడ నొప్పి తగ్గేది ఎముక సర్దుకుని కాదు, నరాల వ్యవస్థ కాస్త శాంతించి. అందుకే ఉపశమనం తొందరగా వస్తుంది, తొందరగానే పోతుంది.

ఆ వెసులుబాటులోనే వ్యాయామం మొదలుపెట్టాలి. చుట్టిన తువ్వాలును మెట్టు అంచున ఉంచి దానిమీద వేళ్లు ఆనించాలి. మూడు సెకన్లలో మడమ పైకెత్తి, రెండు సెకన్లు ఆగి, మూడు సెకన్లలో దించాలి. ఇలా రోజు విడిచి రోజు చేసినవారికి, అరికాలిని సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవారికన్నా మూడు నెలలకు ఎక్కువ మేలు కనిపించిందని డెన్మార్క్ పరిశోధకులు తేల్చారు. నడుముకైతే పొట్ట, పిరుదుల కండరాలకు బలం పెంచాలి. పరుగు దూరాన్ని ఒక్కసారిగా పెంచకూడదు.

అయితే, అన్ని నొప్పులకూ చెయ్యి మందు కాదు. ఫాస్ట్ బౌలర్ జస్‌ప్రీత్ బుమ్రాకు 2019లో వెన్ను కింది భాగంలో స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడింది. 2022లో నడుం మళ్లీ ఇబ్బంది పెట్టి టీ20 ప్రపంచకప్‌కు దూరమయ్యాడు. 2023 మార్చిలో శస్త్రచికిత్స చేయించుకుని ఆగస్టులో మళ్లీ బంతి పట్టాడు. ఎముకకు పగులుంటే కావాల్సింది విశ్రాంతి, వైద్యుడి సలహా. నొక్కుడు కాదు.

కాబట్టి, ఎదిగే వయసులో బౌలింగ్ చేసే పిల్లలు వెనక్కి వంగినప్పుడు నడుం ఒకవైపు నొప్పంటే ముందు వైద్యుడికి చూపించాలి. కాళ్లు తిమ్మిరెక్కినా, మూత్రం అదుపు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అంతేకానీ, ‘నరం పట్టేసిందిలే’ అని తెలిసినవాళ్లెవరిచేతో నడుం విరిపించొద్దు!