పెద్ద చేప తల్లి చేప!

పిల్లలూ! 1953లో పెరూ దేశపు కాబో బ్లాంకో దగ్గర ఆల్‌ఫ్రెడ్ గ్లాసెల్ అనే అమెరికన్ గాలంతో ఒక నల్ల మార్లిన్‌ను పట్టాడు. దాని బరువు 1,560 పౌన్లు, అంటే దాదాపు 708 కిలోలు! మన విశాఖ జాలరులు కొమ్ముకోనాం అని పిలిచే చేపల కుటుంబమే ఇది.

అలాంటి చేపను తొలిసారి పట్టాలని దేశదేశాలవారు ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌కు వెళ్లి పడవ అద్దెకు తీసుకుంటారు. గాలానికి తగిలిన మార్లిన్ నీళ్లలోంచి పైకెగిరితే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. (నాకైతే పడవ ఎక్కితేనే కడుపులో తిప్పుతుంది, అది వేరే సంగతి.) ఆ సరదాను నేను తప్పుపట్టను. ఫొటో కోసం దాన్ని చంపి వేలాడదీయడం మాత్రం తప్పే అంటాను.

ఎందుకంటారా? నల్ల మార్లిన్‌లలో మగవి చిన్నవి. 200 కిలోలు దాటిందంటే అది దాదాపుగా ఆడదే. కెయిర్న్స్ సముద్రానికి అవి వచ్చేది గుడ్లు పెట్టడానికే. ఒక్కొక్కటి కోట్ల గుడ్లు పెడుతుంది! ఇప్పుడు అక్కడ చాలామంది గుర్తుబిళ్ల తగిలించి వదిలేస్తున్నారు, సంతోషం. మొన లోపలికి వంగిన గాలం వాడితే అది కడుపులో దిగకుండా నోటి మూలన పట్టుకుంటుంది.

కానీ వదిలితే చాలదు. పరుగుపందెంలో మీ కాళ్లలాగే, పెనుగులాడిన చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. పడవను మెల్లగా నడుపుతూ, దాని మొప్పల గుండా నీరు పారనిచ్చి, తేరుకున్నాక వదలాలి. మరి ఫొటో? నీటిలో ఉండగానే తీసుకోవచ్చుగా!